ఎద్దు గుండె, గాజు అచ్చు, గుప్పెడు కొర్రలు: లియొనార్డో చేసిన సైన్సు

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే.

నన్ను పిలిచినవాళ్లు ఫోన్లో, "సార్, లియొనార్డో డావించీ కనిపెట్టిన యంత్రాల గురించి ఓ గంట మాట్లాడండి" అన్నారు. వస్తానన్నాను గానీ, యంత్రాల గురించి మాట్లాడను. ఆ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది. ఆ మరమేకు ఆకారంలో ఉండే హెలికాప్టరు బొమ్మ మీరంతా వాట్సాప్‌లో చూసే ఉంటారు. "500 ఏళ్ల కిందటే హెలికాప్టర్ కనిపెట్టిన మేధావి" అని కింద రాసి ఉంటుంది. అది ఎగరదండీ. మనుషులు ఎంత బలంగా తిప్పినా నేల వదలదు, మన కండల్లో అంత సత్తువ లేదు. ఎగరని యంత్రానికి దండలేసి, ఆయన నిజంగా తేల్చిన సంగతుల్ని వదిలేస్తున్నాం. నా బాధ అదీ.

నేను 30 ఏళ్లకు పైగా మెడికల్ కాలేజీల్లో అనాటమీ చెప్పినవాణ్ణి. చిత్రకళ నాకు తెలియదు. మోనాలిసా ఎందుకు నవ్వుతోందని అడిగితే ఇంటికెళ్లిపోతాను. (నవ్వులు) కానీ ఆయన కోసిన గుండెని నేనూ కోశాను. ఆయన ఎక్కడ తడబడ్డాడో, ఎక్కడ మా అందరికంటే ముందు వెళ్లాడో చెప్పగలను. ఇవాళ్టికి అంతే నా సరుకు.

మనిషి గురించి రెండు ముక్కలు. డావించీ అనేది మనం అనుకునేలాంటి ఇంటిపేరు కాదు, "విన్చి ఊరివాడు" అని అర్థం. ఇటలీలో ఫ్లోరెన్సు దగ్గర చిన్న ఊరు. 1452 ఏప్రిల్ 15న పుట్టాడు. తండ్రి నోటరీ, పత్రాలు రాసే ఉద్యోగి. తల్లి కాతెరీనా. ఇద్దరికీ పెళ్లి కాలేదు. అందువల్ల తండ్రి వృత్తిలోకి వెళ్లే దారి మూసుకుపోయింది. లాటిన్ చదువు కూడా సరిగ్గా అబ్బలేదు. పెద్దయ్యాక నేర్చుకోవాలని క్రియారూపాల పట్టికలు రాసుకుని తంటాలు పడ్డాడు. తన గురించి తనే "ఓమో సాన్‌జా లెట్టెరె" అని రాసుకున్నాడు, అంటే చదువు లేనివాణ్ణని. ఆ మాటలో సిగ్గు పావలా, పొగరు ముప్పావలా. నన్ను వెక్కిరించేవాళ్లు వేరేవాళ్లు రాసింది వల్లిస్తారు, నేను అనుభవాన్ని గురువుగా పెట్టుకున్నాను అంటాడు.

కుర్రతనంలో ఫ్లోరెన్సులో వెరోక్కియో అనే కళాకారుడి పనిశాలలో చేరాడు. స్టూడియో అంటే ఏసీ గది అనుకోకండి. రంగులు నూరడం, కంచు పోత పోయడం, మైనంతో అచ్చులు తియ్యడం, అన్నీ అక్కడే. ఈ మైనం సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. 1482 ప్రాంతంలో మిలాన్ పాలకుడు లుడోవికో స్ఫోర్జాకి ఉద్యోగం అడుగుతూ ఒక ఉత్తరం తయారుచేశాడు. మోసుకెళ్లే వంతెనలు కడతాను, ఫిరంగులు చేస్తాను, సొరంగాలు తవ్విస్తాను అని వరసగా చెప్పుకుంటూ పోయి, చిట్టచివర్లో, బొమ్మలు కూడా వేస్తాను అన్నాడు!

ఇప్పుడు నా గదిలోకి రండి. డిసెక్షన్ హాల్లోకి.

ఆ రోజుల్లో విశ్వవిద్యాలయంలో శవాన్ని కోయడం ఒక తంతు. ప్రొఫెసరు ఎత్తు కుర్చీ మీద కూర్చుని పుస్తకం చదువుతాడు. కింద మంగలి వైద్యుడు కత్తి పట్టుకుని కోస్తాడు. పుస్తకం చదివేవాడు ఒంట్లోకి చూడడు, చూసేవాడికి పుస్తకం రాదు. ఆ పుస్తకాలకి మూలపురుషుడు గేలెన్, రెండో శతాబ్దపు గ్రీకు వైద్యుడు. మహానుభావుడే, కాదనను. కానీ ఆయన కోసినవి ఎక్కువగా కోతులు, పందులు. వాటిలో కనిపించింది మనిషిలోనూ ఉంటుందని రాశాడు. దాదాపు 1300 ఏళ్ల పాటు అదే వేదం.

లియొనార్డో ఈ పనిలోకి దిగింది బొమ్మ కోసమే. కండ ఎక్కడ ఉబ్బుతుందో తెలియకపోతే చెయ్యి సరిగ్గా గియ్యలేం కదా. 1489లో కపాలాలు సంపాదించి రంపంతో నిలువునా అడ్డంగా కోసి గీశాడు. ఇదిగో, తెర మీద చూడండి. సగం ముఖం మామూలుగా ఉంది, పక్క సగంలో ఎముక కోసి లోపలి గది చూపించాడు. బుగ్గ ఎముకలోని ఆ ఖాళీ గదినే సైనస్ అంటాం, జలుబు ముదిరితే నొప్పెట్టే చోటు. మా పుస్తకాల్లో దీనికి చాలాకాలం హైమోర్ అనే ఇంగ్లీషు వైద్యుడి పేరు నడిచింది. ఆయన దాన్ని వర్ణించింది 1651లో. ఈ బొమ్మ అప్పటికి 160 ఏళ్ల పాతది.

1507-08 చలికాలం. ఫ్లోరెన్సులో సాంతా మరియా నువోవా ఆసుపత్రి. అక్కడొక ముసలాయన మంచం మీద ఉన్నాడు. నాకు వందేళ్లు దాటాయి, నీరసం తప్ప ఒంట్లో ఏ బాధా లేదు అని లియొనార్డోతో చెప్పాడు. కాసేపటికి, మంచం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే, ఏ కదలికా లేకుండా పోయాడు. లియొనార్డో ఏం రాసుకున్నాడంటే, ఇంత తీయని చావుకి కారణం ఏమిటో చూద్దామని ఆయన్ని కోశాను అని. ఇందాక తనతో కబుర్లు చెప్పిన మనిషండీ! నేను వందల శవాలు చూశాను గానీ, వాటిలో ఒక్కటీ నాతో మాట్లాడినది కాదు.

కోస్తే ఏం కనిపించింది? గుండెకి రక్తం అందించే ధమని సన్నబడి, ఎండిపోయి ఉంది. కాలేయం గట్టిపడి రంగు మారింది. దగ్గర్లోనే రెండేళ్ల పసిబిడ్డని కూడా కోసే అవకాశం వచ్చింది. ఆ బిడ్డలో అన్నీ దీనికి తలకిందులు. ముసలితనంలో రక్తనాళాల గోడలు మందమై, లోపలి దారి ఇరుకై, పోషణ అందక మనిషి దీపంలా కొడిగడతాడని తేల్చాడు. పోలిక కూడా చెప్పాడు: నారింజ ముదిరేకొద్దీ తొక్క మందమై లోపలి గుజ్జు తగ్గినట్టు అని. ఇవాళ కార్డియాలజిస్టు తెర మీద చూపించి, మీకు బ్లాకులున్నాయండీ అంటాడే, ఆ బ్లాకుల గురించి మనకి దొరుకుతున్న మొదటి వర్ణనల్లో ఇదొకటి. ఆ కాలేయం వర్ణన చదివితే, ఇప్పుడు మనం సిర్రోసిస్ అంటున్నది అదేనని ఏ డాక్టరైనా గుర్తుపడతాడు.

ఆ పని ఎలాంటిదో ఒక్కసారి ఊహించుకోండి. మాకు ఫార్మలిన్ ఉంది. కళ్లు మండుతాయి గానీ బాడీ నెలల తరబడి నిలుస్తుంది. ఆయనకి అదీ లేదు. ఒక శవం నాలుగు రోజులు ఆగదు. ఒక నాళాన్ని చివరికంటా చూడాలంటే ఇంకో శవం కావాలి, తేడాలు తెలియాలంటే మరొకటి. చదివేవాణ్ణి హెచ్చరిస్తాడు కూడా: నీకు ఆసక్తి ఉన్నా కడుపులో తిప్పొచ్చు, కడుపు ఓర్చుకున్నా చర్మం ఒలిచిన శవాల మధ్య రాత్రిళ్లు గడపడానికి భయమేయొచ్చు, భయం లేకపోయినా బొమ్మ గియ్యడం రాకపోవచ్చు, అన్నీ ఉన్నా ఓపిక లేకపోవచ్చు. ఈ పేరా నేను ఫస్టియర్ పిల్లలకి మొదటి రోజు చదివి వినిపించేవాణ్ణి. మధ్యాహ్నానికి ఇద్దరు ముగ్గురు హాస్టల్‌కి వెళ్లి పడుకునేవాళ్లు. (నవ్వులు) చివరికి 30కి పైగా శవాల్ని కోశానని 1517లో తనని చూడ్డానికి వచ్చినవాళ్లతో చెప్పాడు.

ఇక గీత సంగతి. 1510-11లో గీసిన 18 కాగితాలు ఇంగ్లండులో విండ్సర్ కోటలో భద్రంగా ఉన్నాయి. ఆ 18 కాగితాల మీద 240కి పైగా బొమ్మలు, 13,000కి పైగా మాటలు. అంగుళం ఖాళీ వదల్లేదు. ఈ భుజం బొమ్మ చూడండి. ఒకే భుజాన్ని ముందు నుంచి, కొంచెం పక్కకి జరిగి, ఇంకొంచెం జరిగి, వెనక నుంచి, ఇలా చుట్టూ తిరిగొచ్చాడు. ఇక్కడేమో కండల్ని తీసేసి వాటి స్థానంలో తాళ్లు గీశాడు, ఏ కండ ఎటు లాగుతుందో తెలియడానికి. ఈ మెడలో ఎముకల్ని విడదీసి, ఒకదాని మీద ఒకటి ఎలా కూర్చుంటాయో గాలిలో నిలబెట్టి చూపించాడు. సైకిల్ రిపేరు పుస్తకంలో విడిభాగాల బొమ్మ ఉంటుంది చూడండి, అచ్చం అలాగే. వెన్నెముక వంపుల్ని సరిగ్గా గీసిన తొలి మనిషి ఈయనే. నేను బోర్డు మీద చాక్‌పీసుతో గీసిన పద్ధతులన్నీ, కోత బొమ్మా, పొర తర్వాత పొరా, అన్నీ ఈ కాగితాల్లో ఉన్నాయి. గియ్యడమంటే ఆయనకి, చూసినదాన్ని తర్వాత కాగితం మీద పెట్టుకోవడం కాదు. గీస్తూ గీస్తూ చూసేవాడు. గీత ఆగిన చోటల్లా, ఇక్కడ నాకు తెలియదు అని తెలిసొచ్చేది. మళ్లీ కత్తి పట్టేవాడు.

మధ్యలో నా సొంత గోల ఒకటి చెప్పనివ్వండి. మేం ఫస్టియర్‌లో ఉన్నప్పుడు అనాటమీ రికార్డు రాయాలి. ధమనికి ఎర్ర పెన్సిలు, సిరకి నీలం. ఎవరం శవాన్ని చూసి గియ్యలేదు. సీనియర్ రికార్డు తెచ్చుకుని రాత్రికి రాత్రి దింపేశాం. ఆ సీనియరు ఎప్పుడో గుండె బొమ్మలో ఒక సిరని తప్పు గదిలో కలిపేశాడు. మా బ్యాచి మొత్తం అలాగే గీశాం. సంతకాలు పడ్డాయి. పదేళ్ల తర్వాత నేనే మాస్టారినై రికార్డులు దిద్దుతుంటే, అదే సిర అదే తప్పు గదిలోకి వెళ్తూ కనిపించింది! పేరు చెప్పను గానీ, ఆ కాలేజీలో ఆ సిరకి ఆ గది శాశ్వత చిరునామా అయిపోయింది. (నవ్వులు) గేలెన్ పుస్తకం 1300 ఏళ్లు ఎలా బతికిందని నన్నెవరైనా అడిగితే ఈ కథే చెబుతాను.

లియొనార్డో కూడా సీనియర్ రికార్డు చూసి దింపినవాడే, మొదట్లో. కళ్లముందు లేని నాళాల్ని పాత పుస్తకాలు చెప్పాయి కదా అని గీసేశాడు. ఆ తర్వాత కూడా తప్పులున్నాయి. తల్లి కడుపులో ముడుచుకు పడుకున్న శిశువు బొమ్మ ఎంతో ప్రసిద్ధి, క్యాలెండర్ల మీద కూడా వేస్తారు. శిశువు మనిషిదే, ముద్దొచ్చేలా ఉంటుంది. కానీ చుట్టూ ఉన్న మాయని చూడండి. గుండ్రటి బిళ్లలు బిళ్లలుగా ఉంది కదా? మనుషుల మాయ అలా ఉండదు, ఒకటే పెద్ద చక్రంలా ఉంటుంది. ఆవు ఈనినప్పుడు మాయ పడటం చూసినవాళ్లు ఈ గదిలో ఉంటే ఈపాటికి గుర్తుపట్టేసి ఉంటారు. చూశారా, అక్కడ ఆ పెద్దాయన తలాడిస్తున్నారు! అది ఆవు మాయ. గర్భిణి శవం దొరకడం కష్టం, ఆవు సులువుగా దొరికింది. గేలెన్ చేసిన తప్పే ఈయనా చేశాడు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. గుండె.

గుండె కండ కాదని పాత నమ్మకం. అదేదో ప్రత్యేకమైన పదార్థమన్నారు. లియొనార్డో కోసి చూసి, ఇది దళసరి కండతో చేసిన పాత్ర, మిగతా కండల్లాగే దీనికీ సొంత ధమని, సిర ఉన్నాయి అని రాశాడు. కింది గదులు, అంటే జఠరికలు రెండే కాదు, పైన కర్ణికలు రెండు కలిపి గదులు నాలుగు అన్నాడు. గుండె ఎలా కదులుతుందో చూడటానికి ఆయన వాడుకున్న దారి వింటే ఆశ్చర్యపోతారు. టస్కనీ పల్లెల్లో పందిని వెల్లకిలా కట్టేసి, పీపాకి బెజ్జం పెట్టే పొడుగాటి ఇనప సాధనాన్ని రొమ్ములోంచి గుండెలోకి దించి చంపేవాళ్లు. గుండె కొట్టుకుంటున్నంతసేపూ బయటికి పొడుచుకొచ్చిన ఆ పిడి పైకీ కిందకీ ఊగుతుంది. అందరికీ అది పండగ మాంసం. ఈయన మాత్రం పక్కన నిలబడి, పిడి ఎంత ఊగితే లోపల గుండె ఎంత కదిలినట్టో లెక్కలేసుకున్నాడు.

తర్వాత ఎద్దు గుండె తీసుకున్నాడు. పెద్దది, కసాయి దగ్గర కావలసినన్ని దొరుకుతాయి. ఎడమ జఠరిక నుంచి బృహద్ధమని బయల్దేరే చోట ఒక కవాటం ఉంటుంది. మూడు రేకులు, మూడు చిన్న జేబుల్లా. రక్తం బయటికి తన్నినప్పుడు తెరుచుకుంటాయి, వెంటనే మూసుకుంటాయి. మన ఒంట్లో రోజుకి దగ్గర దగ్గర లక్ష సార్లు జరిగే పని ఇది. ఎలా మూసుకుంటాయి? ఎవరైనా ఏం చెబుతారు? బయటికెళ్లిన రక్తం వెనక్కి పడి తలుపుని మూసేస్తుంది అంటారు. నేనూ చాలా ఏళ్లు అలాగే చెప్పాను.

లియొనార్డో ఒప్పుకోలేదు. రక్తం పైనుంచి బరువుగా వచ్చి పడితే ఇంత పల్చటి రేకులు ముడతలు పడి నలిగిపోతాయి గానీ సాఫుగా మూసుకోవు అన్నాడు. మరి? రేకుల వెనకాల ధమని గోడ చూడండి, కొంచెం ఉబ్బి ఉంటుంది, మూడు రేకులకీ మూడు ఉబ్బులు. ఆయన కళ్లు అక్కడ ఆగాయి. ఈ ఉబ్బు ఊరికే ఎందుకుంటుంది?

నేను పుట్టింది గోదారి గట్టున. వరద రోజుల్లో వంతెన స్తంభం వెనకాల నీళ్లు ఎలా తిరుగుతాయో చూడటం మాకు సినిమాతో సమానం. నడిమి నీళ్లు నేరుగా దూసుకుపోతాయి. అంచు నీళ్లు స్తంభానికి తగిలి, వెనక్కి మడత తిరిగి, సుడి పెడతాయి. ఆ సుడిలో పడ్డ అరటిబోదె ముందుకెళ్లదు, వెనక్కి, స్తంభం వైపుకే వస్తుంది. లియొనార్డో జీవితమంతా ఈ సుడులే గీశాడు. నీటి సుడిని ఆడవాళ్ల ఉంగరాల జుట్టుతో పోల్చాడు: జుట్టు బరువు కిందికి లాగుతుంది, వంకీ తన దారిన తను తిరుగుతుంది, నీళ్లలోనూ అదే జంట కదలిక అన్నాడు. ఆ కళ్లతోనే గుండెలోకి చూశాడు. రక్తం బయటికి దూకినప్పుడు నడిమి ధార నేరుగా పైకిపోతుంది. అంచు ధార ఆ ఉబ్బులోకి తిరిగి, గోడ వెంట మడత పడి, రేకు వీపు మీదికి వస్తుంది. పక్క నుంచి, మెత్తగా, రేకుని విప్పి మూతకి సిద్ధం చేస్తుంది. బలవంతంగా వేసిన తలుపు కాదన్నమాట, గాలికి తెర వాలినట్టు.

ఊహ బాగుంది, రుజువేదీ? ఇక్కడ ఆ పనిశాల మైనం పనికొచ్చింది. తనకి తనే సూచనలు రాసుకున్నాడు: ఎద్దు గుండె కవాటం దగ్గర కరిగిన మైనం పొయ్యి. గట్టిపడ్డాక కండ తీసేస్తే లోపలి ఖాళీ ఆకారం చేతికొస్తుంది. దాని మీద ప్లాస్టరు అచ్చు కట్టు. అచ్చులో పల్చటి గాజు ఊదించు. ఇప్పుడు నీ దగ్గర పారదర్శకమైన బృహద్ధమని మొదలు ఉంది. అందులో నీళ్లు నడిపించు. నీళ్లలో సుడి కంటికి కనపడదు కదా, అందుకని నీళ్లలో "పానికో" కలుపు అన్నాడు. ఇటలీ రైతుకి పానికో అంటే ఏమిటో తెలుసా? మన కొర్రలు. కొర్రల శాస్త్రీయ నామంలోనే ఇటాలికా అని ఉంటుంది. ఆ గింజలు ఎటు తిరిగితే రక్తం అటు తిరుగుతున్నట్టు. గుప్పెడు కొర్రలతో గుండె లోపల చూడటం! 30 ఏళ్లు గుండె చెప్పిన నాకు ఈ ఆలోచన ఒక్కనాడూ రాలేదు, మా వంటింట్లో కొర్రలున్నా.

దీనికి జవాబు చాలాకాలం తర్వాత వచ్చింది. 1968లో ఆక్స్‌ఫర్డులో బెల్‌హౌస్ అనే ఇంజనీరు, సహ పరిశోధకులతో కలిసి, కవాటం నమూనాలో నీళ్లు పారించి, ఆ ఉబ్బుల్లో సుడులు పుడతాయనీ, కవాటం మూసుకోవడంలో వాటికి పాత్ర ఉందనీ చూపించాడు. నేచర్ పత్రికలో వచ్చింది. తర్వాత ఎమ్మారై వచ్చి బతికున్న మనిషి గుండెలోనే ఆ సుడుల్ని చూపించింది. ధమని మొదలు మార్చే సర్జన్లు ఇప్పుడు ఆ ఉబ్బుతో సహా చేసిన కృత్రిమ గొట్టాలు కూడా వాడుతున్నారు, రేకులు మెత్తగా మూసుకోవడానికి. ఇంతకీ ఆ ఉబ్బుల పేరేమిటి? వల్సాల్వా సైనస్‌లు. వల్సాల్వా బొలోన్యాలో ప్రొఫెసరు, పుట్టింది 1666లో. మళ్లీ పేరు వేరేవాళ్లదే!

అంత దూరం వెళ్లినవాడు ఒక్క అడుగు ముందు ఆగిపోయాడు. కవాటం ఒకవైపే తెరుచుకుంటుందని తెలుసు. అలాంటప్పుడు రక్తం తిరిగి తిరిగి రావాలి కదా? ఆ మాట అనలేదు. గేలెన్ చెప్పినట్టు రెండు జఠరికల మధ్య గోడలో కనిపించని సన్న బెజ్జాలున్నాయనే నమ్మాడు. గుండెలో రక్తం అటూ ఇటూ చిలకబడి ఒంటికి వేడి పుడుతుందనుకున్నాడు. వెన్న తీసేటప్పుడు చిలికిన పాలు వేడెక్కుతాయేమో చూడు అని కూడా రాసుకున్నాడు. ప్రశ్న బంగారం, పోలిక ముత్యం, దారి తప్పు. రక్తం తిరుగుతుందని ఇంగ్లండులో హార్వే అనే వైద్యుడు పుస్తకం వేసేసరికి 1628.

టైమెంతైంది? ఇంకో పావుగంట ఉందా? అయితే గుండె బయటివి రెండు చెబుతాను.

మొదటిది గుల్లల సంగతి. ఉత్తర ఇటలీ కొండల మీద రాళ్లలో సముద్రపు గుల్లలు దొరికేవి. బైబిల్లో చెప్పిన నోవహు జలప్రళయం అక్కడిదాకా తెచ్చి పడేసిందనేవాళ్లు. లియొనార్డో పాండిత్యంతో వాదించలేదు, గుల్ల నడకని కొలిచాడు. బతికున్న గుల్ల ఇసకలో గాడి చేసుకుంటూ రోజుకి మూడు నాలుగు బ్రాచ్చాలు జరుగుతుంది. బ్రాచ్చా అంటే మన మూర లాంటిది, రెండడుగులకి కాస్త తక్కువ. వాన కురిసింది 40 రోజులు. ఏడ్రియాటిక్ సముద్రం నుంచి ఆ గుల్లలున్న మోన్‌ఫెర్రాటోకి 250 మైళ్లు. ఎలా వెళ్తుందయ్యా? 40 రోజులు నడిచినా వంద మీటర్లు దాటదు. వరద కొట్టుకొచ్చిందంటారా, కొట్టుకొచ్చినవి చెల్లాచెదురవ్వాలి. ఇక్కడ రెండు చిప్పలూ జతగా, పిల్లా పెద్దా కలిసి, పొరలు పొరలుగా ఉన్నాయి. కాబట్టి అవి అక్కడే పుట్టి అక్కడే పెరిగాయి, ఒకప్పుడు ఆ కొండే సముద్రపు అడుగు. ఇది రాసిన నోటుపుస్తకాన్నే 1994లో బిల్ గేట్స్ 3 కోట్ల 8 లక్షల డాలర్లకి కొన్నాడు. నెలవంక రోజుల్లో చంద్రుడి చీకటి భాగం కూడా మసగ్గా కనపడుతుందే, అది భూమి మీద పడి తిరిగెళ్లిన సూర్యకాంతి అని చెప్పింది కూడా అందులోనే.

రెండోది రాపిడి. ఇటుకని బల్ల మీద పడుకోబెట్టి లాగినా, నిలబెట్టి లాగినా పట్టే బలం ఒకటే. బరువు రెట్టింపైతే రాపిడీ రెట్టింపు. ఇంటర్ పిల్లలకి ఇది అమోంటాన్స్ నియమం, 1699. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న ఆయన చిన్న నోటుబుక్కులో 1493 నాటి పేజీ మీద, ఒక ముసలావిడ ముఖం కింద, ఎర్ర సుద్దతో గీసిన దిమ్మలూ కప్పీలూ ఉన్నాయి. 1920ల్లో ఆ మ్యూజియం అధికారి ముసలావిడని మెచ్చుకుని, కింద ఉన్నవి అక్కరలేని గీతలు అన్నాడు. 2016లో కేంబ్రిడ్జి ప్రొఫెసర్ హచింగ్స్, రాపిడి నియమాలు మొట్టమొదట రాసిన పేజీ అదేనని చూపించాడు. ముఖం చూసి మురిసిపోయి కింద చూడకపోవడం మనకి కొత్తా?

ఇప్పుడు చేదు మాట. సైన్సుకి ఈయన చేసిన దోహదం ఎంత అని ఖచ్చితంగా లెక్క కడితే, చాలా తక్కువ. ఎందుకంటే ఇదంతా ఎవరికీ అందలేదు. 1510లో పవీయా విశ్వవిద్యాలయం నుంచి మార్కాంతోనియో దెల్లా తోర్రె అనే యువ ప్రొఫెసరు తోడు దొరికాడు. ఆయనకి పుస్తకాలు వచ్చు, ఈయనకి గీత వచ్చు. మరుసటేడే ఆ కుర్రాడు ప్లేగుతో పోయాడు. అచ్చు వేద్దామనుకున్న అనాటమీ పుస్తకం అలాగే ఉండిపోయింది. 1519 మే 2న ఫ్రాన్సులో ఆంబ్వాజ్ దగ్గర లియొనార్డో చనిపోయాక కాగితాలు శిష్యుడు మెల్జీకి వెళ్లాయి. మెల్జీ కళ్లలో పెట్టుకుని చూసుకున్నాడు. ఆయన పోయాక కొడుక్కి వాటి విలువ తెలియక అటక ఎక్కించాడు. పొంపెయో లెయోని అనే శిల్పి కొన్నిటిని సంపాదించి, బొమ్మలు వేరు, యంత్రాలు వేరు అని కత్తెరేసి అతికించాడు. శరీరశాస్త్రం కాగితాలు ఇంగ్లండు రాజకోటకి చేరి పెట్టెలో నిద్రపోయాయి. విలియం హంటర్ అనే గొప్ప అనాటమిస్టు 1770ల్లో వాటిని చూసి నివ్వెరపోయి, అచ్చు వేయిస్తానన్నాడు, వేయించకుండానే 1783లో చనిపోయాడు. సరైన అచ్చు ప్రతులు మొదలైంది 1898 నుంచి. ఈలోగా 1543లో వెసాలియస్ తన పుస్తకంతో గేలెన్‌ని దించేశాడు, లియొనార్డో కాగితాల ఊసే తెలియకుండా. అనాటమీ పితామహుడు వెసాలియసే. పరీక్షలో అదే రాయండి, లేకపోతే మార్కులు పోతాయి. (నవ్వులు)

నాకు మాత్రం ఈయన మీద కోపం ఉంది, ఒప్పుకుంటాను. అచ్చు యంత్రం వచ్చేసింది, స్నేహితులున్నారు, పోషకులున్నారు. గణితవేత్త పచోలీ పుస్తకానికి బహుముఖ ఘనాలన్నీ గీసిపెట్టాడు, అది 1509లో అచ్చయింది కూడా. వేరేవాళ్ల పుస్తకానికి తీరిక దొరికింది, తన పుస్తకానికి దొరకలేదు. ఆయన సమర్థన ఇది: నన్ను ఆపింది పిసినారితనం కాదు, బద్ధకం కాదు, సమయం ఒక్కటే.

ప్రశ్నలు అడుగుతారా? చెప్పమ్మా.

శ్రోత: సార్, ఆయన అద్దంలో చూస్తే గానీ చదవలేనట్టు తిరగేసి రాశాడంటారు. చర్చికి భయపడా?

అది కూడా వాట్సాప్ సరుకేనమ్మా. ఆయన ఎడమచేతి వాటం మనిషి. మామూలుగా రాస్తే తడి సిరా మీదుగా చెయ్యి పోయి అలుక్కుపోతుంది. కుడి నుంచి ఎడమకి రాస్తే ఆ బాధ లేదు. అద్దం పెట్టుకుంటే ఎవరైనా చదివేసేదాన్ని రహస్యం అనం కదా. శవాలు కూడా దొంగతనంగా తెచ్చినవి కావు, ఆసుపత్రులే ఒప్పుకున్నాయి. రోములో ఉన్నప్పుడు మాత్రం, తన దగ్గర పనిచేసిన అద్దాల తయారీవాడొకడు గొడవపడి, పోపు దగ్గరా ఆసుపత్రిలోనూ ఫిర్యాదు చేసి ఆ పనికి అడ్డుపడ్డాడు. ఆయనే వాపోతూ రాశాడు. మతం కంటే పక్కింటివాడి కడుపుమంట ఎక్కువ పని చేస్తుంది ఎక్కడైనా.

శ్రోత: సార్, ఏదీ పూర్తి చెయ్యడని చెడ్డపేరు కదా. చివరి రోజుల్లో ఏమైనా పూర్తి చేశాడా?

చివరి రోజుల నోటుపుస్తకంలో ఒక పేజీ ఉంది. లంబకోణ త్రిభుజాలు గీసి, పొడవు వెడల్పులు మారుస్తూ వైశాల్యం మాత్రం మారకుండా ఎలా ఉంచాలో లెక్క చేస్తున్నాడు. అరవై దాటిన మనిషి. లెక్క సాగుతోంది, సాగుతోంది, సగంలో "మొదలగునవి" అని రాసి ఆపేశాడు. కారణం కూడా ఆ పక్కనే రాశాడు: "ఎందుకంటే సూప్ చల్లారిపోతోంది."

మనకీ టీ వచ్చినట్టుంది. పదండి.